మస్కోవీ బాతు గుడ్ల మీద కూర్చుంది, తల్లికే వదిలెయ్యొచ్చా?

మీ ప్రశ్న చదవగానే ముందు నవ్వొచ్చిందండి, ఎందుకంటే పన్నెండేళ్ళ కిందట నేను కూడా సరిగ్గా ఇదే గోతిలో పడ్డాను. షాద్‌నగర్ దగ్గర మీ తోటలో ఆరు ఖాకీ క్యాంప్‌బెల్ పెట్టలు, రెండు మస్కోవీ పెట్టలు, రెండు జాతులకీ చెరో పుంజు ఉన్నాయన్నారు, ఒక మస్కోవీ పెట్ట పది రోజుల్నించి గడ్డివాము వెనకాల 19 గుడ్ల మీద కూర్చుందన్నారు, వాటిల్లో కొన్ని ఖాకీ బాతులు వచ్చి పెట్టిపోయినవి కూడా ఉండొచ్చన్నారు. ఇప్పుడవన్నీ తీసి ఇంక్యుబేటర్లో పెట్టాలా, తల్లికే వదిలెయ్యాలా, పిల్లలు పుట్టాక వేరు చెయ్యాలా అని కదా అడిగారు. తల్లికే వదిలెయ్యండి, కానీ అన్ని గుడ్లూ కాదు, ఎందుకో చెప్తాను.

ముందు ఒక విషయం. మీ ఆరు ఖాకీ బాతుల్లో ఏదో ఒకటి పొదుగుకి కూర్చుంటుందని ఎదురు చూడకండి. అవి ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టేలా తయారుచేసిన జాతి. పొదుగుకి కూర్చున్న బాతు గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కదా, అందుకని తరతరాలుగా కూర్చోని వాటినే ఏరుకుంటూ వచ్చారు, అలా ఆ బుద్ధే వాటిల్లోంచి పోయింది. ఎప్పుడో ఒకటి కూర్చున్నా పది రోజులకి విసుగొచ్చి లేచిపోద్ది. మాది భీమవరం, ఆకివీడు మధ్యలో పల్లెటూరండి, కోతలయ్యాక చేలల్లోకి వేల బాతుల్ని తోలి మేపేవాళ్ళు మాకు కొత్త కాదు, వాళ్ళ మందలో కూడా తల్లి బాతు పిల్లల్ని వెంటేసుకుని తిరగడం దాదాపు కనపడదు. వాళ్ళకి గుడ్డే డబ్బు, బాతుని నెల రోజులు కూర్చోబెట్టే తీరిక ఎక్కడిది. మా అమ్మమ్మ కాలంలో అయితే బాతు గుడ్లు కోడి కింద పెట్టేవాళ్ళు.

మస్కోవీ సంగతి వేరు. అసలది మిగతా బాతులకి దూరపు చుట్టమే, వేరే జాతి, పుట్టిల్లు దక్షిణ అమెరికా వైపు. ముఖం మీద ఎర్రటి కండ బుడిపెలు, గట్టి అరుపుండదు, పుంజైతే బుసకొడుతుంది అంతే. పొదగడంలో మాత్రం దానికి సాటి లేదు. మీకు పిల్లల్ని పెంచే తల్లి కావాలంటే మీ దగ్గరున్నది బంగారమే.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందంటే, మామూలు బాతు గుడ్డు (ఖాకీ అయినా, నాటు అయినా) 28 రోజులకి పిల్లవుద్ది. మస్కోవీ గుడ్డుకి 35 రోజులు పడుద్ది, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. రెండూ ఒకే గూట్లో ఉంటే ఏమవుద్దో చూడండి, 28వ రోజుకి ఖాకీ పిల్లలు బయటికొస్తాయి, తల్లికి పిల్ల గొంతు వినపడింది అంటే ఇక దాని మనసు గూట్లో ఉండదు, ఒకటి రెండు రోజులు ఓపిక పట్టి పిల్లల్ని వెంటేసుకుని నీళ్ళకి వెళ్ళిపోద్ది. వెనకాల దాని సొంత గుడ్లు, లోపల బతికున్న పిల్లలతో, ఇంకో వారంలో పగలాల్సినవి, చల్లబడి చచ్చిపోతాయి. తల్లి తప్పేం లేదు, దానికి క్యాలెండర్ లేదు కదా. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, తల్లికి చేతనైన పనిలో వేలు పెట్టొద్దు, దానికి చేతకానివి కొన్ని ఉన్నాయి, లెక్క చూడ్డం, చీమల్ని ఆపడం, ముంగిసని ఆపడం, అవి మాత్రం మనం చూసుకోవాలి.

కాబట్టి ఈ రాత్రికి ఒక పెన్సిలు, ఫోను టార్చి తీసుకుని వెళ్ళండి. పెన్సిలే, స్కెచ్ పెన్ను వద్దు. ఒక అట్టముక్కకి గుడ్డుకంటే చిన్న కన్నం పెట్టి, కింద టార్చి వేసి, గుడ్డు లావు వైపు ఆ కన్నం మీద ఆనించి చూడండి. పది రోజులైంది కాబట్టి మంచి గుడ్డయితే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులాగా, మధ్యలో కదిలే నల్ల చుక్క స్పష్టంగా కనపడతాయి. ఏమీ లేకుండా పసుపుగా వెలుగు కారిపోతుంటే అది పుంజు కలవని గుడ్డు. లోపల ఎర్ర ఉంగరంలాగా గీత ఒక్కటే ఉంటే మొదలై చచ్చిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయండి. నరాలు అప్పుడప్పుడే మొదలైనట్టున్నవి కొన్ని ఉంటాయి, అవి తర్వాత ఎవరో వచ్చి పెట్టిపోయినవి.

ఏది ఎవరి గుడ్డో ఎలా తెలుస్తుందంటారా, మస్కోవీ గుడ్డు కాస్త పెద్దది, మీగడ రంగు, చేత్తో పట్టుకుంటే మైనం పూసినట్టు నున్నగా ఉంటది. ఖాకీది కొంచెం చిన్నది, తెలుపు, ఒక్కోసారి లేత పచ్చ. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది, ఒకటి రెండు అనుమానంగా ఉంటే ఉండనివ్వండి. ఖాకీవి బతికున్నవన్నీ మీ ఇంక్యుబేటర్లోకి, మస్కోవీవి తల్లి కిందే. మిగిలినవాటి మీద పెన్సిలుతో గుండ్రంగా గీత గీసేయండి, రేపటి నుంచి తల్లి తనంతట తాను లేచినప్పుడు గీత లేని గుడ్డు గూట్లో కనపడితే అది కొత్తది, ఆ రోజే తీసేయాలి. ఇంకో మాట, మస్కోవీ పుంజు మీ ఖాకీ పెట్టల్ని కూడా వదలదు, ఆ కలయికలో వచ్చిన పిల్లలు గాడిదకీ గుర్రానికీ పుట్టిన కంచరగాడిదల్లాంటివి, బాగా పెరుగుతాయి గానీ వాటికి పిల్లలు పుట్టవు. మాంసానికైతే పర్లేదు, మంద పెంచుకోవాలంటే మాత్రం పుంజుల్ని విడదీయాలి.

మొదట్లో నేను కూడా గోతిలో పడ్డానన్నాను కదా, ఆ సంగతి చెప్తాను. మొదటిసారి మస్కోవీ కూర్చున్నప్పుడు దానికి 35 రోజులని నాకు తెలీదు. 28 అయింది, 29 అయింది, 30వ రోజు ఇవి మురిగిపోయాయి అనుకుని ఒకటి పగలగొట్టి చూశాను. లోపల పిల్ల, ఈకలొచ్చేసి ఉంది, కాళ్ళు కదుపుతోంది. ఇంక రెండు రోజులు అన్నం సహించలేదు నాకు. మిగతా తొమ్మిదీ ముట్టుకోలేదు, వాటిల్లో ఎనిమిది పిల్లలయ్యాయి, 34, 35 రోజులకి. అందుకే తారీఖు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి, బుర్రలో పెట్టుకోకండి.

గూడు మార్చాలా అని కూడా అడిగారు. గడ్డివాము వెనకాల చోటు కప్పుండి, కుక్కలు రాకుండా ఉంటే మార్చొద్దు. కూర్చున్న బాతుని కదిపితే సగం సార్లు అలిగి వదిలేస్తుంది. తప్పదనుకుంటే బాగా చీకటి పడ్డాక, గూడు కింద గోనెసంచి జొనిపి గూడుతో సహా ఎత్తి, చీకటిగా ఉండే చోట దింపి, తల్లిని మీద పెట్టి వచ్చేయండి, మళ్ళీ తెల్లారే దాకా తొంగి చూడకండి. చోటు మార్చలేకపోతే చుట్టూ వల కట్టేయడం మేలు. అరంగుళం కంటే చిన్న కన్నాలుండే ఇనప మెష్ వాడండి, కోళ్ళ దొడ్లకి కట్టే పెద్ద కన్నాల వల బాతుని ఆపుద్ది గానీ ముంగిసనీ పందికొక్కునీ ఆపదు. మెష్ అడుగు భాగం ఒక జానెడు భూమిలోకి పాతండి.

తల్లి రోజుకి ఒకసారే లేస్తుంది, సాయంత్రమో పొద్దున్నో, పావుగంట నుంచి అరగంట. లేచేటప్పుడు రొమ్ము నుంచి పీక్కున్న మెత్తటి ఈకల్ని గుడ్ల మీద కప్పి వెళ్తుంది, చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటది. వచ్చి ఒక పెద్ద రెట్ట వేస్తుంది, ఆ కంపుకి మీరు భయపడకండి, రోజంతా బిగబట్టుకున్నది కదా. ఆ అరగంటలో అది చెయ్యాల్సిన పనులు మూడు, తిండి, తాగడం, మునగడం. మునగడం ముఖ్యం అండి. తడి ఈకలతో వచ్చి గుడ్ల మీద కూర్చుంటే ఆ తేమ గుడ్లకి తగులుద్ది, బాతు గుడ్డుకి కోడిగుడ్డు కంటే తేమ ఎక్కువ కావాలి. మా దగ్గర గాలిలోనే తేమ ఉంటది, మీ వైపు చలికాలం గాలి పొడిగా ఉంటది కాబట్టి గూటికి నాలుగైదు అడుగుల్లో బాతు మునిగేంత టబ్బు పెట్టండి. గుడ్ల మీద మీరు నీళ్ళు చిలకరించక్కర్లేదు. గూడు కింద నేల మీదే గడ్డి ఉంటే ఇంకా మంచిది, సిమెంటు గచ్చు మీద అయితే నాలుగంగుళాల తడి మట్టి వేసి దానిపైన గడ్డి. తిండి వడ్లు గానీ జొన్నలు గానీ, గింజ తిండే పెట్టండి, తవుడు ముద్ద ఎక్కువ పెడితే రెట్ట పల్చబడి గూడు పాడవుద్ది. ఎలా చూసుకున్నా ఈ నెలలో తల్లి చిక్కిపోద్ది, అది మామూలే.

ఒక్కోసారి గంట దాకా రాదు. కంగారు పడకండి, గుడ్డు కాస్త చల్లబడితే ఏమీ కాదు, పైగా రోజూ కాసేపు చల్లబడడం మంచిదే. రాత్రంతా రాకపోతే అప్పుడు ఆలోచించాలి.

మీకు వచ్చే పెద్ద ఆశ ఏంటంటే రోజూ తల్లిని లేపి చూడాలని. చూడొద్దు. ఇవాళ ఒకసారి, మళ్ళీ 25వ రోజు ప్రాంతంలో ఒకసారి, చాలు. మధ్యలో గూటి దగ్గర కుళ్ళు వాసన వస్తే మాత్రం ఆగకండి, ఏదో ఒక గుడ్డు మురిగింది, పైన చెమట పట్టినట్టు జిగటగా ఉంటది, దాన్ని మెల్లగా తీసి దూరంగా పాతిపెట్టండి. అది గూట్లో పేలిందంటే ఆ రసం అంటుకుని మిగతావి కూడా పోతాయి, బట్టలకంటితే మూడు ఉతుకులకి కూడా పోదు, అనుభవంతో చెప్తున్నా.

33వ రోజు నుంచి తల్లి తీరు మారుద్ది. లేవడం మానేస్తుంది, లోగొంతుతో ఏదో గొణుగుతూ ఉంటది, గుడ్లలోంచి పిల్లలు కూడా సన్నగా పలుకుతుంటాయి. పుట్టకముందే వాటికి తల్లి గొంతు తెలుస్తుందన్నమాట, ఇంక్యుబేటర్ ఇవ్వలేనిది ఇదే. తర్వాత గుడ్డు మీద చిన్న గాటు పడుద్ది. ఆ గాటు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుద్ది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, జాలిపడి పెంకు వలిచేస్తారు. ఆ టైంలో పిల్ల లోపల ఊరికే కూర్చోలేదు, పెంకు లోపలి పొరలో ఉన్న రక్తం వెనక్కి లాక్కుంటుంది, మిగిలిన పచ్చసొనని పొట్టలోకి తీసుకుంటుంది. మీరు వలిస్తే రక్తం కారి చచ్చిపోద్ది. ఆగండి.

అప్పుడు చూడాల్సింది చీమలు. నిజం చెప్తున్నానండి, ముంగిస కంటే, కాకి కంటే నాకు ఎక్కువ పిల్లల్ని తిన్నవి ఎర్ర చీమలే. గాటు పడిన గుడ్డులోకి తడి వాసనకి దూరిపోతాయి, పిల్ల లోపలే ఉండి ఏం చేయగలదు, తల్లి కదలదు, దానికి కనపడదు కూడా. అందుకే 30వ రోజు నుంచే గూడు చుట్టూ బూడిద, సున్నం కలిపి మందంగా గీత పోయండి, వాన పడితే మళ్ళీ పోయండి, తల్లి తిండి గూటికి దూరంగా జరిపేయండి, గింజ ఒక్కటి కూడా గూటి పక్కన రాలకూడదు. చీమల మందు పొడులు గూట్లో చల్లకండి, పిల్లలు ఆ గడ్డినే పొడుస్తాయి.

పుట్టాక మొదటి రోజు పిల్లలకి తిండి అక్కర్లేదు, పొట్టలో సొన ఉంటది. తల్లి కూడా పగలని గుడ్ల కోసం ఇంకో రోజు కూర్చుంటది. పిల్లల్ని వేరు చెయ్యాలా అంటే, వద్దు. చలికాలంలో తల్లి రెక్క కింద ఉన్నంత వెచ్చగా బల్బు కింద ఉండదు, పైగా కరెంటు పోయే భయం లేదు. ఇంకోటి, తల్లి తోక దగ్గర ఉండే నూనె తిత్తిలోంచి నూనె దాని ఈకల మీదంతా ఉంటది, పిల్లలు రోజంతా ఆ కింద దూరి తిరుగుతుంటే ఆ నూనె వీటి నూగుకి అంటుకుంటుంది. అందుకే తల్లి దగ్గర పిల్లలు రెండో రోజే నీళ్ళలో దిగినా తడిసి ముద్దవ్వవు. ఇంక్యుబేటర్ పిల్లల్ని అదే వయసులో టబ్బులో వేస్తే నీళ్ళు పీల్చుకుని, వణికి, మునిగిపోతాయి, బాతు పిల్ల నీళ్ళలో చచ్చిపోయిందేంటి అని నోరెళ్ళబెడతారు. మీ ఖాకీ పిల్లలు ఇంక్యుబేటర్లో పుడతాయి కాబట్టి వాటిని కనీసం మూడు నాలుగు వారాలు ఈతకి దింపకండి. తాగడానికి మాత్రం ముక్కు, కళ్ళు కడుక్కునేంత లోతు నీళ్ళుండాలి, వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు వేసి పెడితే సరిపోద్ది. వాటిని మస్కోవీ తల్లి కింద కలిపేద్దామనుకోవద్దు, వారం పెద్దవి అయిపోతాయి, దాని పిల్లలు కావని పొడుస్తుంది.

తల్లి ఉన్నా సరే నీళ్ళలో ఒక ప్రమాదం ఉంది. మా పశువుల కుడితి తొట్టి నిలువు గోడలది. తల్లి ఎగిరి దిగింది, పిల్లలు కూడా ఎలాగో గట్టు మీంచి దూకాయి, తల్లి ఎగిరి బయటికొచ్చింది, పిల్లలు ఎక్కలేకపోయాయి. పొలం నుంచి వచ్చేసరికి నాలుగు తేలుతున్నాయి. నూనె ఉన్నా గంటల తరబడి ఈదలేవు కదా. తొట్టి, టబ్బు, నూతి గుంట, ఏదైనా సరే లోపల ఇటుకలు మెట్లలాగా పేర్చండి, లేదా మూసెయ్యండి. చెరువైతే ఏటవాలు గట్టు ఉంటది కాబట్టి ఆ బాధ లేదు, కానీ పెద్ద కొర్రమీనులు ఉన్న చెరువులో మొదటి రెండు వారాలు దింపొద్దు.

తిండి దగ్గరికొస్తే, మొదటి వారం ఉడికించిన నూకలు, మెత్తగా తడిపిన స్టార్టర్ దాణా, సన్నగా తరిగిన ఆకుకూరో, అజొల్లానో (నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న ఆకుల మేత). పక్కనే నీళ్ళు ఉండాలి, లేకపోతే గొంతుకి అడ్డం పడుద్ది. బాతు పిల్లలకి నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి, తక్కువైతే కాళ్ళు వంకర్లు పోయి కూలబడతాయి. తల్లి వెంట తిరిగే పిల్లలు పురుగులు, నత్తలు తింటాయి కాబట్టి వాటికి ఈ కాళ్ళ జబ్బు తక్కువగా వస్తది, మీ ఇంక్యుబేటర్ పిల్లలకి మాత్రం దాణాలో కాస్త బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్టు పొడి) కలపండి.

బూజు. దీన్ని మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకోండి. వేరుశెనగ చెక్క, మొక్కజొన్న, తవుడు, దేనికైనా బూజు వాసన వస్తే బాతు పిల్లల దగ్గరికి తీసుకురావద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతు పిల్లంత తేలిగ్గా చచ్చేది ఇంకోటి లేదనే చెప్పాలి. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశెనగ చెక్క తిని లక్ష పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి, వాటితో పాటు బాతు పిల్లలు కూడా, ఆ విషం సంగతి బయటపడిందే అప్పుడు, తర్వాత దాణాలో విషం ఉందో లేదో చూడ్డానికి రోజు వయసు బాతు పిల్లలకే పెట్టి చూసేవాళ్ళు. నా మటుకు నేను వానాకాలంలో అడుగున తడిసిన తవుడు బస్తా ఎండబెట్టి, పారేయడానికి మనసొప్పక పెట్టాను. పదకొండు పిల్లల్లో నాలుగు రోజుల్లో ఏడు పోయాయి. పైకి ఎండినట్టే ఉంది. ఎండబెట్టినా విషం పోదని తర్వాత తెలిసింది.

పుంజుల్ని మొదటి నెల వేరే దొడ్లో ఉంచండి, మస్కోవీ పుంజు చిన్న పిల్లల్ని ముక్కుతో విసిరేస్తుంది, తండ్రి అని చూసుకోదు. మీ రెండో మస్కోవీ పెట్ట కూడా ఈ పిల్లల్ని పొడవొచ్చు, ఓ కన్నేసి ఉంచండి. కాకులు, గద్దలు మొదటి మూడు వారాలే, ఆ మూడు వారాలు పైన వల ఉన్న చోట తిప్పితే మేలు. తల్లి గద్దని చూస్తే రెక్కలు విప్పి మీద పడుద్ది గానీ, పన్నెండు పిల్లలు నాలుగు వైపులా పరిగెత్తితే అది మాత్రం ఏం చేస్తుంది. రాత్రికి తప్పకుండా లోపలికి తోలి తలుపెయ్యండి.

ఇది దానికి మొదటి పొదుగు అయితే రెండు మూడు పిల్లలు కాళ్ళ కింద నలిగిపోవచ్చు, దాన్నేం అనకండి, రెండోసారికి నేర్చుకుంటది. మా పాత పెట్ట మొదటిసారి ఆరింట్లో రెండు మిగిల్చింది, పోయినేడు పధ్నాలుగు గుడ్లకి పదకొండు పిల్లల్ని చేసి పదకొండూ పెద్ద చేసింది.

టీకా సంగతి మీ దగ్గరి పశువుల ఆసుపత్రిలో ఇప్పుడే అడిగి ఉంచండి, బాతు ప్లేగు టీకా రెండు నెలల వయసులో వేస్తారు, అన్ని చోట్లా ఎప్పుడూ స్టాకు ఉండదు, ముందే చెప్తే తెప్పిస్తారు.

తల్లి నుంచి ఎప్పుడు విడదీయాలంటే, మీరు విడదీయక్కర్లేదు. రెండు, రెండున్నర నెలలకి పిల్లలకి రెక్క ఈకలు నిండుతాయి, తల్లి ఒకరోజు తిండి దగ్గర వాటినే పొడిచి తరుముద్ది. అప్పుడు గడ్డివాము వెనక్కి వెళ్ళి చూడండి, పాత గూట్లోనే కొత్త గుడ్డు ఉంటది. దాని మీద ఆ రోజు తారీఖు వేసి పెట్టండి.